రాడార్ చూపిన చోటికి నడిచి వెళ్లు

చిరంజీవి అమ్మలుకి,

కొత్తవలస–కిరండూల్ రైల్వే లైను మీద నేల కదలికను ఉపగ్రహ రాడార్‌తో కొలిచే పని మొదలుపెట్టావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. వానాకాలంలో బొడ్డవర పైన ఘాట్‌లో కొండచరియ జారితే ఏమవుతుందో ఆ లైనులో పనిచేసినవాడిగా నాకు తెలుసు కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

వేర్వేరు రోజుల్లో తీసిన రెండు రాడార్ బొమ్మలు పక్కపక్కన పెట్టి నేల కుంగిందని తేల్చేయకు. గాల్లో తేమ పెరిగితే రాడార్ తరంగం ఆలస్యమై, నేల కదిలినట్టే కనిపిస్తుంది. అడివారానికీ కొండపైకీ తేమ తేడా ఉంటుంది గనుక ఘాట్‌లో ఈ మోసం మరీ ఎక్కువ. యూరప్ వాళ్ల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 బొమ్మలు ఉచితమే, 12 రోజులకోసారి వస్తాయి. రెండుమూడేళ్లవి వరసగా పేర్చి చూడు.

దాని తరంగం 5.6 సెంటీమీటర్లే. అడవిలో, జీడితోటల్లో అది ఆకుల దగ్గరే చెదిరిపోతుంది. వంతెనలు, స్టేషన్ కప్పులు, కరెంటు మాస్టులు, బండరాళ్లు మాత్రం నిలకడగా దొరుకుతాయి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో–నాసా రాడార్ ఉపగ్రహం నైసార్‌లో 24 సెంటీమీటర్ల తరంగం కూడా ఉంది. పచ్చదనం ఉన్నచోట దాన్నే నమ్ముకో.

ఇక అసలు సంగతి. పట్టాల కింది మట్టికట్ట కుంగుతుంటే లైను మరమ్మతు చేసే గ్యాంగువాళ్లు ఊరుకోరు, కంకర పోసి ట్యాంపింగ్ చేసి, అంటే స్లీపర్ల కింద కంకర దట్టించి, లైను పైకి లేపుతారు. రాడార్‌కి పట్టాలు బాగున్నట్టే ఉంటాయి, కింద మట్టి జారుతూనే ఉంటుంది. అందుకే మ్యాపులో పట్టాల మీదున్న కొలత చుక్కల కన్నా సెస్ మీద, అంటే కంకర పక్కన కట్ట పైన నడిచే అంచు మీద, కట్ట వాలులో ఉన్న చుక్కలు ముఖ్యం. ఏ కిలోమీటరు దగ్గర మాటిమాటికీ కంకర పోస్తున్నారో సెక్షన్ రిజిస్టర్లో చూసుకో. ఆ చోటు నీ మ్యాపులో కదలిక లేదని ఆకుపచ్చ రంగులో ఉన్నా వదలకు. వెళ్లి చూడు: సెస్ అంచున పొడుగునా పగులుందా, మాస్టు ఒరిగిందా, రిటైనింగ్ గోడ రంధ్రాల్లోంచి నీళ్లు బురదగా వస్తున్నాయా, లేక అసలు రావడమే లేదా? నీళ్లు రాకపోవడమే ఎక్కువ భయం, గోడ వెనక నిండిపోతున్నాయన్నమాట.

ఈ రాత్రి పడబోయే బండను రాడార్ చెప్పలేదు. నీ మ్యాపు చూసి వానాకాలం పెట్రోలింగ్ తగ్గిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. పెట్రోల్‌మన్ ముందు ఏయే చోట్ల టార్చి వేయాలో చెప్పడానికే అది.

సెక్షన్ ఇంజనీరు అనుమతి తీసుకో. రోజూ లైను నడిచి తనిఖీ చేసే కీమ్యాన్ తోడు లేకుండా లైనులోకి దిగకు.

ఆశీస్సులతో,
పెదనాన్న, విజయనగరం