ప్రింట్లు అమ్మాలంటే 24 మెగాపిక్సెళ్ళ కెమెరా సరిపోతుందా?

నా ఫోటోలను ప్రింట్లుగా వేసి అమ్మాలనుకుంటున్నాను, 24 మెగాపిక్సెళ్ళ కెమెరా సరిపోతుందా, ఇంకా పెద్దది కొనాలా అని మీరు అడిగారు. సరిపోతుంది. అందులో వచ్చే ఫోటోకు దాదాపు 6000 × 4000 పిక్సెళ్ళు ఉంటాయి కనుక అంగుళానికి 300 చొప్పున వేసినా 20 అంగుళాల పొడవు, 13 అంగుళాలు దాటిన వెడల్పు వస్తాయి. గోడ మీది పెద్ద ప్రింటును ఎవరూ ముక్కు ఆనించి చూడరు; అంగుళానికి 200 పిక్సెళ్ళతో 30 అంగుళాలు వేసినా చక్కగా ఉంటుంది. కెమెరా సంగతి ఇంతే. పదిహేనేళ్ళుగా ప్రింట్లు అమ్ముతున్నాను, కొన్నవారిలో ఒక్కరు కూడా నన్ను మెగాపిక్సెళ్ళ లెక్క అడగలేదు. వారు మళ్ళీ వచ్చి మాట్లాడినప్పుడల్లా కాగితం గురించి, పటం కట్టిన తీరు గురించే మాట్లాడారు. అందువల్ల మీరు అడగని ఆ విషయమే చెబుతాను.

నేను అమ్మిన తొలి ప్రింట్లలో ఒకటి పొగమంచులో ఒడ్డున కట్టి ఉన్న పడవది. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయురాలు దానిని చూసి, చాలాసేపు మాట్లాడకుండా నిలబడి, కొనుక్కున్నారు. నిగనిగలాడే కాగితం మీద వేసి, ప్రింటరు నుంచి బయటికి వచ్చిన సాయంత్రమే అద్దానికి నేరుగా ఆనేటట్లు ఫ్రేములో బిగించి, వెనుకవైపు నాలుగు అంచులా ప్యాకింగు టేపు అతికించి ఇచ్చాను. రెండు వర్షాకాలాలు గడిచాక ఆవిడ ఆ పటాన్ని పాత దుప్పటిలో చుట్టి తెచ్చారు. "మంచు రోజురోజుకూ చిక్కబడుతోందండీ, తుడిస్తే పోవడం లేదు" అన్నారు. నిజంగానే అద్దం లోపలివైపు పలుచని తెల్లని పొర పట్టింది, కాగితం నీటి అలలలాగా ఉబ్బింది, పడవ ముందుభాగం దగ్గర అరచేయంత మేర ప్రింటు అద్దానికి అతుక్కుపోయి తడిసినట్లు మెరుస్తోంది. ఆవిడ ఎదుటే వెనుక టేపు కోసి, కాగితాన్ని ఒక మూల నుంచి నెమ్మదిగా లాగాను. సన్నగా చిరుగుతున్న చప్పుడు వచ్చింది. చేతిలోకి వచ్చిన కాగితం మీద పడవ ఉండవలసిన చోట తెల్లని మచ్చ మిగిలింది, పడవ అద్దానికే ఉండిపోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మళ్ళీ వేసి ఇవ్వగలరా అని మాత్రం అడిగారు. ఆ మాటకు నేను పడిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ ఒక్క పటంలో నేను చేసిన తప్పులు మూడు. ఇంకుజెట్ ప్రింటు చేతికి ఆరినట్లు తగిలినా, ఇంకులోని ద్రావకాలు ఇంకా కొంతకాలం ఆవిరవుతూనే ఉంటాయి, వెంటనే అద్దం కింద మూసేస్తే ఆ ఆవిరే లోపల పొరగా పేరుకుంటుంది. ఒక రోజంతా గాలికి ఉంచి, ఆ తరువాత మామూలు తెల్ల కాగితాల మధ్య పరచి, ఆ కాగితాలను మారుస్తూ మరికొన్ని రోజులు ఆగాలి. రెండవది, కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. నాలుగు వైపులా టేపుతో బంధించినప్పుడు సాగడానికి చోటు లేక ఉబ్బుతుంది. మూడవది అన్నింటికన్నా పెద్దది, అద్దానికీ ప్రింటుకూ మధ్య ఖాళీ లేకపోవడం.

ఆ ఖాళీ కోసమే మధ్యలో కిటికీలా కోసిన మందపాటి అట్టను, అంటే మౌంటు బోర్డును, పెడతారు. చాలామంది దానిని అలంకారం అనుకుంటారు, కాని అది ప్రింటును కాపాడే కవచం. చెక్క గుజ్జుతో చేసిన చౌక బోర్డులోని ఆమ్లం కాలక్రమంలో ప్రింటు అంచును పసుపు పట్టిస్తుంది కాబట్టి ఆమ్లరహితమైన నూలు బోర్డు అడిగి తీసుకోవాలి. ప్రింటును పైఅంచున రెండు చోట్ల మాత్రమే, సన్నని జపాను కాగితపు పట్టీలతో, గోధుమ పిండి జిగురుతో వేలాడదీయాలి. ఆ జిగురు ఎప్పుడు కావాలన్నా తడితో ఊడి వస్తుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా పటాలు కట్టే పనివారిలో ఎక్కువమంది రెండువైపులా అంటుకునే టేపు వేస్తే జన్మలో ఊడదని నాకు ధైర్యం చెబుతారు. ఎన్నటికీ ఊడకపోవడమే అందులోని దోషమని వారికి నచ్చజెప్పడానికి నేను ఖర్చుపెట్టిన గంటలు ఇన్నీ అన్నీ కావు. ఇప్పుడు ఆ పని నేనే నా చేతులతో చేసుకుంటాను, మీరు కూడా నేర్చుకోండి.

రెండవ ప్రింటు వేయడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఎందుకంటే మొదటిది అసలు నేను తీసిన ఉదయంలాగా లేదని అప్పుడే గుర్తించాను. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం తన మీద పడిన వెలుగునే తిరిగి ఇస్తుంది. మానిటర్ వెలుతురును పూర్తిగా పెంచుకొని సవరించిన ఫోటో కాగితం మీద మసకగా, బరువుగా దిగుతుంది. ఆ వెలుతురును చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల (వెలుగును కొలిచే ప్రమాణం) మధ్యకు తగ్గించి, ఆ కాగితానికీ ఆ ప్రింటరుకూ తయారైన, వాటి మీద రంగులు ఎలా దిగుతాయో చెప్పే రంగుల ప్రొఫైల్‌తో ముందుగా తెర మీదే సరిచూసుకొని, ఆ తరువాత ఫోటోలోని అతి చీకటి చోటునూ అతి తెల్లని చోటునూ కలిపి ఒక పట్టీగా వేసి చూడాలి. ఆ పట్టీని పగలు కిటికీ దగ్గర, రాత్రి దీపం కింద చూడాలి. నిగనిగలాడే కాగితాన్ని కూడా అప్పుడే వదిలేశాను. మెరుపు లేని నూలు కాగితం మీద పొగమంచు పొగమంచులాగా ఉంటుంది, గదిలోని దీపాలు అందులో ప్రతిఫలించవు. కళ్ళు చెదిరేంత తెల్లగా కనిపించే కాగితాలలో అతినీలలోహిత కిరణాలను నీలి వెలుగుగా మార్చే రసాయనాలు కలుపుతారు. కొన్నేళ్ళకు వాటి శక్తి తగ్గి, కాగితం తన అసలు పసుపు ఛాయకు దిగుతుంది. ఇల్లు అలంకరించుకోవడానికి కొనేవారికి అంత పట్టింపు ఉండదని కొందరు వాదిస్తారు కాని నేను ఒప్పుకోను.

మీరు తప్పకుండా ఎదుర్కొనే మరొక చిక్కు కొలతలది. కెమెరా ఇచ్చేది 3:2 నిష్పత్తి, సిద్ధంగా దొరికే ఫ్రేములలో ఎక్కువగా కనిపించేది 8 × 10 అంగుళాలు. అంటే 8 × 12 రావలసిన ఫోటోలో రెండు అంగుళాలు ఎగిరిపోతాయి. ఎంతో ఆలోచించి అంచున ఉంచిన చెట్టును, ఎవరో తయారు చేసిన ఫ్రేము కోసం కోసుకోవడం నాకు భరించరాని విషయం. ఫోటోను పూర్తిగా ఉంచి చుట్టూ తెల్లని అంచు వదలండి, కింది అంచును పైదానికన్నా కాస్త వెడల్పుగా ఉంచితే చిత్రం జారిపోతున్నట్లు అనిపించదు. సంతకం ఆ అంచు మీద పెన్సిలుతో చేయండి. 3/25 అని, అంటే మొత్తం ఇరవై అయిదు ప్రింట్లలో ఇది మూడవదని, సంఖ్య వేసినట్లయితే ఇరవై అయిదుతో ఆపేయండి. పరిమాణం మార్చి, ఇది వేరే ముద్రణ అని చెప్పి మళ్ళీ అమ్మేవారిని చూశాను. మొదట కొన్న ఇరవై అయిదుగురికీ అది చేసిన ద్రోహమే.

మూడు వారాల తరువాత ఆ ఉపాధ్యాయురాలి ఇంటికి కొత్త పటాన్ని నేనే తీసుకెళ్ళాను. పాత మేకు తూర్పు కిటికీకి ఎదురుగా, ఉదయపు ఎండ నేరుగా పడే గోడకు ఉంది. ఆ మేకు పీకి పక్క గోడకు కొట్టి, పటం తగిలించి, ఆవిడ కూర్చునే కుర్చీలో నేను కూర్చుని చూశాను. పొగమంచు అవతలి ఒడ్డున ఉన్న సన్నని చెట్ల వరుస, మొదటి ప్రింటులో ఆవిడకు ఎన్నడూ కనిపించనిది, అక్కడి నుంచి కనిపించింది.