దుప్పుల మంద కనిపిస్తే అడవి బాగున్నట్టేనా?

ప్రశ్న: కవ్వాల్ అడవి అంచున మా ఊరు. ఈ వేసవిలో చెరువు దగ్గర చుక్కల దుప్పులు మందలుగా కనిపిస్తున్నాయి. అడవిలో మేత బాగున్నట్టేనా? అది ఎలా తేలుస్తారు?
– ఒక పాఠకుడు, జన్నారం

జవాబు: అలా అనుకోవద్దండీ. కుంటలన్నీ ఎండితే మిగిలిన ఒక్క నీటి దగ్గరికే మందలు చేరతాయి. అది నీటి కొరతకు గుర్తు కూడా కావచ్చు.

పులుల గణనలో వాటికి ఆహారమయ్యే దుప్పులనూ, అడవి స్థితినీ అంచనా వేసేందుకు 2 కిలోమీటర్ల దారి వెంట ప్రతి 400 మీటర్లకు ఆగి, 15 మీటర్ల వ్యాసార్థంలో చెట్లు, పొదలు, కలుపు రాసుకుంటారు. 20 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు పట్టీలో పెంటికలు లెక్కిస్తారు. ఇది ఎండాకాలపు పని. వానలు పడితే తడికి, పేడపురుగులకు పెంటికలు త్వరగా మాయమై, దుప్పులే లేవనిపిస్తుంది. మేకలు తిరిగే చోట మాత్రం ఆ లెక్క నమ్మకండి, రెండింటి పెంటికలూ కలిసిపోతాయి.

మేత సంగతి కింది కొమ్మలు చెబుతాయి. దుప్పి నోటికి అందే ఎత్తు దాకా ఆకు లేక, ఆపైన గీత గీసినట్టు పచ్చగా ఉంటే మేత చాలడం లేదు. పశువులు కూడా మేసే చోటైతే నేరమంతా దుప్పుల మీద వేయలేం.

పచ్చదనం చూసి మురిసిపోవద్దు. లాంటానా, వయ్యారిభామ లాంటి కలుపు ఎంత ఏపుగా పెరిగినా దుప్పికి మేత కాదు. లాంటానాను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. కాయ పండకముందే, నేలకు 3–5 సెంటీమీటర్ల దిగువన తల్లివేరు తెగ్గొట్టి, మొక్కను తలకిందులుగా పెట్టాలి. ఖాళీ అయిన నేలలో స్థానిక గడ్డి వేయకపోతే మళ్లీ కలుపే వస్తుంది. అభయారణ్యంలో ఇవన్నీ అటవీ సిబ్బందితో కలిసే చేయాలి.