దారి మరిచిపోతున్న నాన్నగారికి సెరటోనిన్ మాత్రలు ఇప్పించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 71. కావలిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏడాది క్రితం నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మా ఇంటికి వచ్చేశారు. వీఆర్సీ సెంటర్ దాకా వెళ్లినా తిరిగి రావడానికి తడబడుతున్నారు. పోయిన నెల కావలి వెళ్లినప్పుడు సొంత వీధి మలుపే దాటి వెళ్లిపోయారు. షుగరుకు చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్, అరికాళ్ల మంటలకు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ వాడుతున్నారు. వయసుతో మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు తగ్గి దారి గుర్తుండదని చదివాను. సెరటోనిన్ పెంచే మాత్రలు ఇప్పించమంటారా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీరు చదివినదానిలో కొంత నిజం ఉంది. మనం ఎక్కడున్నామో గుర్తుపట్టే కణాలు మెదడులోని హిప్పోక్యాంపస్‌లోను, దాని పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లోను ఉంటాయి. వాటిని కనుగొన్నందుకే జాన్ ఓకీఫ్‌కు, మోసర్ దంపతులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. మెదడు కాండం నుంచి వచ్చే నరాల ద్వారా ఈ భాగాలకు సెరటోనిన్ అందుతుంది. వయసు పెరిగేకొద్దీ దీని గ్రాహకాలలో కొన్ని, ముఖ్యంగా మెదడు పైపొరలోని 2ఏ రకం, తగ్గుతాయని పెట్ స్కాన్ పరిశోధనలు చూపించాయి. అంతమాత్రాన సెరటోనిన్ పెంచితే దారి గుర్తుకొస్తుందని అనుకోవడం తొందరపాటు. సెరటోనిన్‌ను పెంచకుండా, దాని 6వ రకం గ్రాహకాన్ని అడ్డుకుని జ్ఞాపకశక్తిని మెరుగుపరచాలని చూసిన ఇడలోపిర్డిన్ అనే మందును అల్జీమర్స్ రోగులపై పెద్ద ఎత్తున పరీక్షించగా ఫలితం కనిపించలేదని 2018లో తేలింది. సెరటోనిన్ పెంచే మాత్రలు డిప్రెషన్‌కు మంచి మందులే గాని, పెద్దవయసులో వాటివల్ల ఒంట్లో సోడియం తగ్గి అయోమయం ఇంకా ముదరవచ్చు. పైగా అమిట్రిప్టిలిన్‌తో కలిస్తే ఆ రెండింటి ప్రభావమూ మితిమీరే ప్రమాదం ఉంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది కావలి సంగతి. డెబ్బై దాటిన మనిషి కొత్త ఊళ్లో, ఒకేలా కనిపించే అడ్డరోడ్ల మధ్య తికమకపడటం మామూలే. ఏళ్ల తరబడి నడిచిన వీధిలో మలుపు తప్పడం మాత్రం ఒక్కసారి జరిగినా పట్టించుకోవలసిన విషయం, ఎందుకంటే అల్జీమర్స్ సాధారణంగా మొదట దెబ్బతీసేది పైన చెప్పిన ఎంటోరైనల్ కార్టెక్స్‌నే. ఇది ఆ జబ్బేనని నేను అనడం లేదు. అంతకన్నా తేలిగ్గా సరిదిద్దగల కారణాలు ఆయన మందుల పెట్టెలోనే ఉండవచ్చు. అమిట్రిప్టిలిన్ జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం పనిని అడ్డుకుంటుంది కాబట్టి పెద్దవాళ్లకు దీన్ని వీలైనంతవరకు రాయకూడదన్నది నా అభిప్రాయం. మంటలకు వేరే మందులున్నాయి. అయితే మీ అంతట మీరు దీన్ని హఠాత్తుగా ఆపకండి, డాక్టరు చెప్పినట్లు మోతాదు తగ్గించుకుంటూ రావాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి విటమిన్ బీ12 తగ్గుతుంది; మతిమరుపుకూ, అరికాళ్ల మంటకూ కూడా అదే కారణం కావచ్చు.

జలుబు బిళ్లలతో సహా ఆయన వాడే మందులన్నీ తీసుకుని న్యూరాలజిస్టును కలవండి. బీ12, థైరాయిడ్, సోడియం, షుగరు పరీక్షలు, జ్ఞాపకశక్తి పరీక్ష, అవసరమైతే ఎమ్మారై చేయిస్తారు. ఈమధ్య తలకు దెబ్బ తగిలి ఉంటే తప్పక చెప్పండి. చూపు, వినికిడి, దిగులు సంగతి కూడా చూపించుకోవాలి. సొంత ఊరు విడిచి వచ్చిన పెద్దవాళ్లలో దిగులు మతిమరుపులా కనిపించడం అరుదేమీ కాదు. నడక మాన్పించవద్దు. రోజూ ఒకే దారిలో, మొదట్లో మీలో ఒకరు తోడుగా నడవండి. మీ ఫోన్ నంబరు రాసిన కార్డు ఆయన జేబులో ఉంచండి. ఎప్పుడైనా అయోమయం ఉన్నట్టుండి మొదలైనా, మాట తడబడినా, మూతి వంకర పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.