‘తగ్గించవచ్చు’కీ ‘తగ్గిస్తుంది’కీ మధ్య

కడప

చి. నాగవేణికి ఆశీస్సులు.

అనంతపురం నుంచి నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఒంట్లో ఇన్సులిన్ ఉండి కూడా పని చేయకపోవడాన్ని, అంటే ఇన్సులిన్ నిరోధకతను, ఎంత తట్టినా గడియ తీయని ఇంటితో పోల్చిన తీరు బాగుంది, దాన్ని మార్చవద్దు. నా పేచీ అంతా ‘షుగర్ మాత్ర పక్షవాతాన్ని ఆపుతుంది’ అన్న వాక్యంతోనే.

ఏ మాత్ర? మెట్‌ఫార్మిన్ వేరు, పయోగ్లిటజోన్ వేరు. 2016లో ఫలితాలు వెలువడిన ఐరిస్ అనే ఔషధ పరీక్ష జరిగింది రెండవదానిపైన. అందులోని 3,876 మందికి షుగర్ లేదు. ఇన్సులిన్ నిరోధకత ఉంది, అప్పటికే ఒకసారి పక్షవాతమో దాని తొలి హెచ్చరికో వచ్చి ఉంది. ఐదేళ్లకు కాస్త తక్కువ కాలంలో పక్షవాతం గానీ గుండెపోటు గానీ వచ్చినవారు డమ్మీ మాత్ర వాడినవారిలో నూటికి 11.8 మంది, మందు వాడినవారిలో 9 మంది. అయితే మందు వాడినవారిలోనే బరువు పెరగడం, కాళ్ల వాపు, ఎముకలు విరగడం ఎక్కువగా కనిపించాయి. ఈ రెండో సగం నీ వాక్యంలో లేదు.

పీసీఓడీ (అండాశయాల హార్మోన్ల సమస్య) భాగాన్ని ఇంకా పెంచు. మన వైపు ఆడపిల్లల తల్లులు ముందుగా వెతికేది దాన్నే. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల చేత పురుష హార్మోన్లను అధికంగా తయారు చేయిస్తుంది, నెలసరి తప్పుతుంది; మెట్‌ఫార్మిన్‌తో అది గాడిన పడే అవకాశం ఉంది. కానీ సంతానం కోరేవారిపై చేసి, 2007లో ప్రచురించిన అమెరికా పరీక్షలో బిడ్డను కన్నవారు అండం విడుదలకు ఇచ్చే క్లోమిఫెన్‌తో 22.5 శాతం కాగా మెట్‌ఫార్మిన్‌తో 7.2 శాతమే. క్యాన్సర్ పేరా కొట్టివేశాను: రొమ్ము క్యాన్సర్ ఉన్న 3,649 మందిపై జరిగిన పరీక్ష ప్రధాన ఫలితంలో మెట్‌ఫార్మిన్ మేలు కనబడలేదని 2022లో తేలింది.

నేనూ ఒకప్పుడు మెట్‌ఫార్మిన్ గురించి వ్యాసం లోపల ‘తగ్గించవచ్చు’ అని రాసి, శీర్షికలో ‘తగ్గిస్తుంది’ అని పెట్టినవాడినే. ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన ఆ పత్రిక ముక్కను కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, డాక్టరు చీటీ బదులు దాన్నే మందుల షాపులో చూపించి మాత్రలు కొన్నారని ఆయన కుమారుడు నాకు ఉత్తరం రాశాడు. ఆయన కిడ్నీలు అప్పటికే బాగా దెబ్బతిని ఉన్నాయి. అలాంటివారు ఆ మందు వాడకూడదన్న మాట నా వ్యాసంలో ఉంది, చిట్టచివరి పంక్తిలో.

పయోగ్లిటజోన్‌ను మన ప్రభుత్వం 2013 జూన్‌లో నిలిపివేసి, మరుసటి నెలాఖరుకే మూత్రాశయ క్యాన్సర్ హెచ్చరికతో తిరిగి అనుమతించిన సంగతిని నీవూ చివరికే నెట్టావు. దాన్ని పక్షవాతం పేరాలోకి తెచ్చి, శీర్షిక మార్చి, మళ్లీ పంపు.