ఫేస్‌బుక్ నుంచి జనం వస్తున్నారు, ఆదాయం మాత్రం లేదు: మా పర్లాకిమిడి సైట్ అనుభవం

ప్రశ్న: మాది రాయగడ జిల్లా. చిరుధాన్యాల వంటల మీద తెలుగులో వెబ్‌సైట్ నడుపుతున్నాను. ఫేస్‌బుక్‌లో పోస్ట్ పెట్టిన రోజు ఐదారు వందల మంది వస్తారు, మర్నాటికి ఎవరూ ఉండరు. ఏడాది దాటినా హోస్టింగ్ (సైట్ ఉంచే సర్వర్ అద్దె) ఖర్చు కూడా రాలేదు. సోషల్ మీడియా మీద ఇంకా శ్రమ పెట్టాలా, మానేయాలా?

జవాబు:

మానేయకండి. పోస్ట్ పెట్టే పద్ధతి మార్చుకోండి, డబ్బు ఎక్కడి నుంచి రావాలో ఆ చోటు కూడా మార్చుకోండి. నేను పర్లాకిమిడిలో ఉంటాను. 2019 నుంచి మా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ప్రాంతపు గుళ్లు, కొండలు, బస్సులు, రైళ్ల గురించి తెలుగులో ఒక చిన్న సైట్ నడుపుతున్నాను. మొదటి మూడేళ్లు నాదీ మీ పరిస్థితే.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి ఎంతమంది వస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ల నోట ఆ తల్లి మజ్జిగౌరమ్మే. మ్యాపులో చూస్తే మాఝీఘరియాణి అని ఉంటుంది. రెండూ ఒకటేనని కొత్తవాళ్లకు తెలియదు. బస్సు బోర్డు ఒడియాలో ఉంటుంది. మా ఊరి బస్టాండులో అటు నుంచి వచ్చిన పెద్దవాళ్లు "బాబూ, ఈ బస్సు ఎక్కడికెళ్తుంది?" అని అడగడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ ప్రశ్నకు జవాబుగానే సైట్ పెట్టాను. పెట్టాక మాత్రం ఆ సంగతి మరిచిపోయి జలపాతాల ఫొటోల వెంట పడ్డాను.

2022 వానాకాలంలో నేను తీసిన ఒక జలపాతం వీడియో ఫేస్‌బుక్‌లో బాగా తిరిగింది. మూడు రోజుల్లో సైట్‌కు దాదాపు 18 వేల మంది వచ్చారు. ఆ మూడు రాత్రులూ నాకు నిద్ర లేదు, ఫోన్ చూసుకుంటూనే ఉన్నాను. వారం తిరిగేసరికి మళ్లీ రోజుకు 40 మంది. వచ్చినవాళ్లలో రెండో పేజీ తెరిచినవాళ్లు దాదాపు లేరు. అదే సమయంలో, నౌపడ నుంచి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే రైలు గురించి ఒక్క ఫొటో కూడా లేకుండా రాసిన పేజీకి రోజూ పాతిక మంది వస్తూనే ఉన్నారు. వాళ్లు చివరిదాకా చదువుతున్నారు, కింద ప్రశ్నలు అడుగుతున్నారు, పక్క పేజీలకు కూడా వెళ్తున్నారు. ఆ పాతిక మంది పని మీద వచ్చినవాళ్లు. మన సైట్‌కు ఆదాయం ఇచ్చేది వాళ్లే. ఇది నా తలకెక్కడానికి మూడేళ్లు పట్టింది, మీకు అంత పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ విషయంలో ఆ పని మీద వచ్చే మనిషి ఎవరు? ముందు మాట దగ్గర మొదలుపెట్టండి. మీరు "రాగులు" అని రాస్తూ ఉండవచ్చు. మన ఉత్తరాంధ్ర వాళ్లకు అవి చోళ్లు. మీ ఊరి సంతలో అమ్మే ఆవిడకు మాండియా. ఒక తల్లి "ఆరు నెలలు నిండిన పాపకు చోడిపిండి జావ ఎలా కాయాలి" అని వెతుకుతుంది. ఆమెకు అప్పటికప్పుడు జవాబు కావాలి, పాప ఏడుస్తూ ఉంటుంది. "చిరుధాన్యాల వైభవం" అని రాస్తే ఆవిడ మీ దగ్గరికి రాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే మాటలోనే రాయాలని ఆయన ఎందుకంత పట్టుబట్టారో నాకు ఈ సైట్ నడిపాకే బాగా అర్థమైంది. మజ్జిగౌరమ్మ అన్న పేరుతో పేజీ రాసిన తర్వాతే గూగుల్ నుంచి నాకు నిలకడగా జనం రావడం మొదలైంది.

ఇక పోస్టుల సంగతి. మొదట్లో నేను సిక్కోలు వాళ్ల గ్రూపుల్లో రోజూ లింకులు పడేసేవాడిని. ఒక పెద్ద గ్రూపు అడ్మిన్ నన్ను తీసేశారు. చాలా బాధపడ్డాను గానీ తప్పు నాదే. నా లింకు వల్ల అక్కడివాళ్లకు ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు జవాబు మొత్తం పోస్టులోనే రాస్తాను. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్లకు ఏ దారిన రావాలి, ఎక్కడిదాకా బండి వెళ్తుంది, కొండ 1500 మీటర్ల ఎత్తు కాబట్టి రాత్రి చలికి ఏం తెచ్చుకోవాలి, భీముడి గుడి, కుంతి గుడి ఏ వరుసలో చూడాలి, అన్నీ అక్కడే ఉంటాయి. లింకు మొదటి కామెంటులో పెడతాను, అది కూడా పోస్టులో పట్టని వివరం ఉంటేనే. క్లిక్కులు తగ్గుతాయని భయపడ్డాను. పెరిగాయి. ఈ మనిషి చెప్పింది పనికొచ్చిందన్న నమ్మకంతోనే జనం లింకు నొక్కుతారు.

సమయం కూడా చూసుకోండి. శివరాత్రి పోస్ట్ శివరాత్రి రోజున పెడితే ఎవరికీ ఉపయోగం లేదు, అప్పటికి వాళ్లు కొండ మీద ఉంటారు. నేను మూడు వారాల ముందు ఒకటి, వారం ముందు ఇంకొకటి పెడతాను. చైత్రమాసం జాతరకూ అంతే.

అన్నిటికంటే ఎక్కువ మంది వాట్సాప్ నుంచి వస్తారు. బస్సు వేళలు, దారి ఉన్న ఒక కార్డు లాంటి ఫొటో తయారు చేసి, ఏ తేదీన సరిచూశానో రాసి, అడుగున సైట్ పేరు పెడతాను. దాన్ని అత్తగారు కోడలికి, కోడలు అపార్ట్‌మెంట్ గ్రూపుకు పంపిస్తారు. మీరు కూడా చోడి అంబలికి పిండి ఎంత, నీళ్లు ఎంత, ఎన్ని గంటలు పులియబెట్టాలి అన్నది ఒక్క కార్డులో పెట్టండి. 2023లో వాట్సాప్ ఛానెళ్లు వచ్చాయి కదా, అందులో చేరినవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. ఆడవాళ్లు ధైర్యంగా చేరుతున్నది అందుకేనని నాకు అనిపిస్తుంది. పోస్ట్ పెట్టిన మర్నాడు కూడా జనం ఉండాలంటే ఇలాంటి చోటు ఒకటి కావాలి. ఫేస్‌బుక్ పేజీలో మన పోస్ట్ ఎంతమందికి చూపించాలో వాళ్లే నిర్ణయిస్తారు. 2020లో టిక్‌టాక్ నిషేధం వచ్చిన రోజు మా ఊరి కుర్రాళ్లు ఎంతమంది ఒక్క రాత్రిలో చూసేవాళ్లందరినీ పోగొట్టుకున్నారో నేను కళ్లారా చూశాను.

యూట్యూబ్ షార్ట్స్ వీడియోలు పేరు తెలియడానికి పనికొస్తాయి. 2023 ఆగస్టు చివరి నుంచి షార్ట్స్ వివరణలో, కామెంట్లలో పెట్టిన లింకులు నొక్కడానికి పనిచేయవు. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసిన లింకు కూడా అంతే. అందుకే వీడియోలో సైట్ పేరు నోటితో చెప్పండి, పేరు పలకడానికి తేలికగా ఉండేలా చూసుకోండి. ఫేస్‌బుక్‌లో లింకు నొక్కితే పేజీ ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. మన ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ సంగతి మీకు తెలుసు, ఫొటోలు బరువుగా ఉంటే జనం వెనక్కి వెళ్లిపోతారు. ఇంకొక మాట: సైట్‌కు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్క చూపించే గూగుల్ అనలిటిక్స్‌లో, వాట్సాప్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా "డైరెక్ట్" (ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాళ్లు) కింద పడతారు. ప్రతి లింకు చివర యూటీఎం గుర్తు (ఆ లింకు ఎక్కడ పెట్టామో చెప్పే చిన్న తోక) తగిలిస్తే ఏ గ్రూపు నుంచి ఎంతమంది వచ్చారో తెలుస్తుంది. అది తెలియక నేను రెండేళ్లు ఫేస్‌బుక్ వల్లే అంతా జరుగుతోందనుకున్నాను.

డబ్బు గురించి. మన సైట్‌లో ప్రకటనలు చూపించి డబ్బు ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్, తెలుగు సైట్లను 2018 నుంచి తీసుకుంటోంది. ఖాతాలో 10 డాలర్లు చేరాక చిరునామా సరిచూడడానికి పోస్టులో పిన్ పంపుతారు, 100 డాలర్లు నిండితేనే డబ్బు బ్యాంకుకు వస్తుంది. నాకు ఆ మొదటి 100 నిండడానికి పదకొండు నెలలు పట్టింది. పిన్ వచ్చే రోజుల్లో మా పోస్ట్‌మ్యాన్ గారికి ముందే చెప్పి ఉంచాను. మీ ప్రకటనల మీద మీరు నొక్కకండి, బంధువులను నొక్కమనకండి. ఖాతా పోతుంది. ప్రకటనల మీద మాత్రం బతకలేం. తెలుగు సైట్‌కు, అందులోనూ ఒకే పేజీ చూసి వెళ్లే జనానికి, వచ్చేది చాలా తక్కువ.

నా ఖర్చులు గట్టెక్కించింది స్థానిక వ్యాపారులు. పర్లాకిమిడిలో కారు నడిపే ఇద్దరు, బరంపురంలో పట్టు చీరల దుకాణం ఒకటి నెలకు ఇంత అని ఇస్తారు. వాళ్ల వివరాలు ఆయా పేజీల్లో "ఇది ప్రకటన" అని స్పష్టంగా రాసి పెడతాను. ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను. ఒక లాడ్జి వాళ్లు మంచి మొత్తం ఇచ్చారు, నేను వెళ్లి చూడకుండా పెట్టేశాను. టెక్కలి నుంచి పిల్లలతో వచ్చిన ఒక కుటుంబం అక్కడ దిగి, గదుల్లో నీళ్లు లేక రాత్రంతా ఇబ్బంది పడ్డారు. ఆ ఇంటాయన ఫోన్ చేసి "మీరు రాశారని నమ్మి వెళ్లాం బాబూ" అన్నారు. మర్నాడే ఆ ప్రకటన తీసేసి, లాడ్జి వాళ్ల డబ్బు తిరిగి ఇచ్చేశాను. అప్పటి నుంచి నేను స్వయంగా చూడనిది, వాడనిది ఏదీ పెట్టడం లేదు.

మీకు నాకంటే మంచి దారి ఉంది. మీ దగ్గర సరుకే ఉంది. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్ (చిరుధాన్యాల పథకం) వల్ల మీ జిల్లాలో మహిళా సంఘాలు చోడిపిండి, బిస్కెట్లు తయారు చేస్తున్నాయి. వాళ్లకు తెలుగు కొనుగోలుదారులు తెలియరు, మీకు తెలుసు. ఏదో ఒక సంఘంతో మాట్లాడి కమీషన్ మీద మొదలుపెట్టండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా ఆహారం అమ్మకూడదు, అది ఎవరి పేరు మీద ఉందో ముందే అడగండి. మన లింకు నుంచి కొంటే కమీషన్ ఇచ్చే అమెజాన్ అఫిలియేట్‌లో చేరి పిండి మరలు, కుండలు చూపించవచ్చు. అందులో చేరిన 180 రోజుల్లో మూడు అమ్మకాలు జరగాలి, కాబట్టి జనం కొంచెం నిలకడగా రావడం మొదలయ్యాకే చేరండి. షుగర్ తగ్గుతుంది, అది నయమవుతుంది అని మాత్రం రాయకండి. క్లిక్కులు వస్తాయి, కానీ ఎవరో ఒకరు మందులు మానేస్తారు.

ఒడిశాలో నవంబర్ 10న మాండియా దిబస, అంటే చోళ్ల దినం, జరుపుతారు. అక్టోబర్ మూడో వారానికల్లా అంబలి, జావ, చోడి రొట్టె, ఈ మూడు పేజీలు సిద్ధం చేసుకోండి, మూడింటికీ కార్డులు తయారు చేయండి. ముందుగా మీ ఇంట్లోవాళ్లకు, పార్వతీపురం వైపు చుట్టాలకు పంపి, వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకోండి. ఆ ప్రశ్నలే తర్వాతి పేజీలు. జావ పేజీ తయారయ్యాక లింకు ఇక్కడే పెట్టండి. మా చెల్లికి ఏడు నెలల బాబు ఉన్నాడు, తనతో చదివించి ఎక్కడ అర్థం కాలేదో మీకు రాస్తాను.