అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రత్యర్థిని అడ్డుకునే డిఫెన్స్ ఆటగాడికి, అక్కడి ప్రధాన వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం ఎప్పుడైనా దక్కిందా?

దక్కింది. ఈ గౌరవం సాధారణంగా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకే వెళ్తుంది కానీ, 1971లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ దానిని మిన్నెసోటా వైకింగ్స్ జట్టు డిఫెన్సివ్ టాకిల్ (రక్షణ వరుస మధ్యలో ఆడేవారు) ఆలన్ పేజ్‌కు ప్రకటించింది; ఆ తరువాత డిఫెన్స్ నుంచి 1986లో లారెన్స్ టేలర్ ఒక్కరే దానిని అందుకున్నారు. 1945లో ఒహాయోలోని క్యాంటన్‌లో పుట్టిన పేజ్, కుర్రతనంలో అక్కడి ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ (ఆ ఆటలోని మేటివారిని గౌరవించే సంస్థ) భవన నిర్మాణంలో పనిచేశారు. 1988లో అందులోనే ఆయనకు స్థానం లభించింది. నా దృష్టిలో అంతకన్నా విశేషమైనది ఆయన చదువు: ఒకవైపు ఆడుతూనే 1978లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. దూరపు పరుగు అలవాటై బరువు తగ్గిన ఆయనను అదే ఏడాది వైకింగ్స్ వదులుకోగా, 1981 వరకు షికాగో బేర్స్ తరఫున ఆడారు. 1993 నుంచి 2015 వరకు మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నారు. ఆ కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి ఆయనే.