శ్రీకాకుళం నుంచి డాలస్‌కు ఎన్ని గంటలు?

అమ్మానాన్నలను మొదటిసారి ఇక్కడికి పిలిపించుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నాదీ శ్రీకాకుళమే కనుక ఆ దారి నాకు బాగా తెలుసు.

విమానంలో కూర్చునే సమయమే లెక్కేస్తే 21 గంటల పైచిలుకు. విశాఖ నుంచి హైదరాబాద్‌కు గంటంబావు, అక్కడి నుంచి దుబాయికి దాదాపు 4 గంటలు, దుబాయి నుంచి డాలస్‌కు 12,900 కిలోమీటర్లు, సుమారు 16 గంటలు. పెద్దవాళ్లకు మాత్రం ఈ లెక్క చెప్పకండి. వాళ్ల ప్రయాణం గడప దాటగానే మొదలవుతుంది. విశాఖకు కారులో రెండున్నర గంటలు, విమానాశ్రయాల్లో నిరీక్షణ, ఇక్కడ ఇమిగ్రేషన్ వరుస, అన్నీ కలిపితే 36 గంటలకు తగ్గదు. ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు అని చెబితే మనసు సిద్ధం చేసుకుంటారు.

టికెట్టు మొత్తం ఒకటే తీసుకోండి. నేను నాలుగు డబ్బులు మిగులుతాయని విశాఖ–హైదరాబాద్ టికెట్టు విడిగా కొన్నాను. ఆ విమానం రెండు గంటలు ఆలస్యమైంది, దుబాయి విమానం వెళ్లిపోయింది. రెండు టికెట్లు వేరు కనుక బాధ్యత ఎవరూ తీసుకోలేదు. అమ్మ ఆ రాత్రంతా శంషాబాద్‌లో కుర్చీలోనే కూర్చుంది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

టికెట్టు మీది సమయాలు ఎక్కడివక్కడి స్థానిక సమయాలు. వేసవిలో దుబాయిలో తెల్లవారుజామున 2:40కి బయలుదేరిన విమానం డాలస్‌లో ఉదయం 9:40కి దిగుతుందని ఉంటే, ఏడు గంటలే కదా అనుకుంటారు మనవాళ్లు. మా నాన్నగారు చేతి గడియారం ముల్లు తిప్పనన్నారు. సరేనని ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో అన్నీ మన సమయంలోనే రాసి పంపాను: దుబాయిలో ఎక్కేది ఉదయం 4:10, డాలస్‌లో దిగేది రాత్రి 8:10. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకున్నారు. అమ్మకు బీపీ మాత్ర కూడా ఆ గడియారం చూసే ఇచ్చారు. మీ పెద్దవాళ్ల మందుల వేళలు డాక్టరుగారిని ముందే అడగండి.

నడవగలిగినా సరే, చక్రాల కుర్చీ కావాలని ముందే రాయించండి. వెంట ఒక మనిషి ఉంటాడు, భాష రాదన్న బెంగ సగం తీరుతుంది. మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాలి, ఆవకాయ పెద్ద పెట్టెలోకి వెళ్లాలి.

తిరుగు ప్రయాణం కాస్త తక్కువ. ఆకాశంలో బాగా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి విమానాన్ని ముందుకు తోస్తుంది, అందుకే డాలస్ నుంచి దుబాయికి గంటకు పైగా కలిసి వస్తుంది.